కాఫీ పొట్లం మీది మనిషి

మా రాజలింగన్నకు ఒకటే జబ్బు. ఏది తిన్నా, ఏది తాగినా, దాన్ని పండించినవాడి పేరేంటో, వాడికెంత ముట్టిందో తెలియందే గొంతు దిగదు. జక్రాన్‌పల్లిలో నాలుగెకరాల పసుపు రైతు. ఆయన్ను పెళ్లి భోజనాలకు పిలవడం చుట్టాలు ఎప్పుడో మానుకున్నారు. ఒకసారి వంకాయ కూర వడ్డించేవాడి చెయ్యి పట్టుకుని తోట ఎవరిదని అడిగాడు. వాడు వంటాయన్ను పిలిచాడు, వంటాయన మార్కెట్‌కు ఫోన్ చేశాడు. తేలేదాకా మా వరుసకు అన్నం రాలేదు.

టౌన్‌లో, కంఠేశ్వర్ దగ్గర నా జిరాక్స్ షాపు పక్కన శిరీష కాఫీ షాపు పెట్టింది. ఏసీ, మెత్తటి కుర్చీలు, కప్పు నూట ఇరవై. మార్కెట్ యార్డులో పసుపు అమ్ముకుని వచ్చిన రాజలింగన్నను నేనే, ఖర్మకాలి, అక్కడికి తీసుకెళ్లాను. బల్ల మీద కాఫీ పొట్లం ఉంది. దాని మీద తలపాగా రైతు ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతున్నాడు. కింద ‘రైతుకు న్యాయమైన ధర’ అని రాసి ఉంది.

"ఈయన పేరేంది బిడ్డా?"

శిరీష తెలియదంది.

"నూటిరవైల ఈయనకెంత ముడుతది?"

అదీ తెలియదంది. కాఫీ చల్లారింది. ఆయన డబ్బులిచ్చి, తాగకుండా లేచాడు.

ఆ తర్వాత టౌన్‌కు వచ్చినప్పుడల్లా అదే తంతు. కాఫీ చెప్పడం, పొట్లం తిప్పి చూడడం, ఆ రెండు ప్రశ్నలు, లేచిపోవడం. చూసి చూసి పక్క బల్లల వాళ్లూ కప్పులు సగంలో వదిలేయసాగారు. దుకాణం మూతపడేట్టుంది, మీ అన్నను ఆపమని శిరీష నా మీద పడింది. ఆయనకు చెప్పాను.

"మన పసుపు హైదరాబాద్‌ల పొట్లంల జూసిన అరుణ్. దాని మీద ఎవడో నవ్వుతుండు. నేనైతే ఎన్నడు గంత నవ్వలే" అన్నాడు.

ఆ మాట చెప్తే శిరీషకు పంతం పుట్టింది. పొట్లం కంపెనీకి ఫోన్ చేసింది. వాళ్లు నాలుగు నంబర్లు తిప్పి, ఆ తలపాగా మనిషి ముంబై మోడల్ అని తేల్చారు. ఆయనెప్పుడూ టీయే తాగుతాడట. ఆ రోజు శిరీష కూడా కాఫీ ముట్టలేదు.

వెతికి వెతికి అరకు కొండల్లో రైతుల సంఘాన్ని పట్టుకుంది. వాళ్లు రైతుకిచ్చే ధరా చెప్పారు, పండించే మనిషి పేరూ చెప్పారు. వంతల చిలకమ్మ. కానీ బస్తాకు తక్కువ ఇవ్వరు, డబ్బు ముందే కట్టాలి. అంత తన దగ్గర లేదని శిరీష నాతో చెప్పుకుని బాధపడింది. రాజలింగన్న పక్కనే కూర్చుని పొట్లం తిప్పుతున్నాడు.

వారం తర్వాత, బస్తా పంపామని సంఘం వాళ్లు ఫోన్ చేశారు. నమ్మి అరువిచ్చారని శిరీష పొంగిపోయి నాకు సేమియా పాయసం పెట్టింది. బస్తా మాత్రం రాలేదు.

నాలుగో రోజు రాజలింగన్న ఆటో దిగాడు. వెంట సగం బస్తా కాఫీ గింజలు, ఒక పెద్ద టబ్బు. టబ్బులో మెత్తబడి, పసుపు రంగెక్కిన గింజలు.

"పచ్చిగున్నయని పసుపు కడాయిల సగం ఉడకబెట్టిన బిడ్డా. పసుపు గిట్లనే జేస్తం గద. నీకు పని తప్పుతదనుకున్న."

నేను నవ్వుకోవడానికి నా షాపులోకి పోయి వచ్చాను. శిరీష నవ్వలేదు. బస్తా మీ ఇంటికెందుకు వచ్చింది కాకా అని అడిగింది.

ఆయన ఫ్యాను వంక చూశాడు. "పైసలు కట్టినోని ఇంటికే పంపుతరట. గది నాకెర్క లేకపాయె."

శిరీష టబ్బు చూసి నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. రాజలింగన్న మీద నాకు ఆ క్షణం పుట్టినంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

మిగిలిన గింజలు వేయించి కాఫీ పెట్టింది. చిలకమ్మ పేరు, ఆమెకు ముట్టింది ఎంతో రాసి గోడకు అంటించింది. రాజలింగన్న అది రెండుసార్లు చదివి, మూడు నెలల్లో మొదటిసారి కప్పు పెదాలకు ఆనించాడు. షాపంతా ఆయన్నే చూస్తోంది.

"శేదున్నది" అన్నాడు.

శిరీష చక్కెర పొట్లం తెచ్చింది. ఆయన చింపబోయి ఆగాడు. వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు.

"ఇది మన బోధన్ దిక్కు చెరుకేనా? ఏ రైతుది బిడ్డా?"

శిరీష విసుక్కోలేదు. ఫోన్ తీసుకుంది.