నా ట్యాబ్‌ల ఎవరో జొరబడ్డరు

మొన్న శుక్రవారం పొద్దున పది దాటినంక నేను ఒక పిల్ల మీద కంప్లైంట్ రాసిన. పదకొండు కాకముందే దాన్ని నేనే ముక్కలు ముక్కలు చేసి చెత్తబుట్టల ఏసిన. నడుమ ఏమైందో చెప్త, వినున్రి.

నాంపల్లి స్టేషన్ ఎనుక గల్లీల మా స్కూలు. ఇరవై ఆరేండ్ల నుంచి గాడనే సోషల్ చెప్తున్న. ఈ ఏడు టీచర్లకు తలా ఒక ట్యాబ్ ఇచ్చిన్రు, మీకు టైం మిగుల్తదన్నరు. నాకు మొదటి దినం నుంచే డౌటు. మన టైం మిగిలితే వాళ్ళకేం వస్తది? మా హెడ్మిస్ట్రెస్ పెద్ద మేడం తన రూంల కూసొనే మా క్లాసులు చూడనీకె ఇచ్చిన్రని నాకు అనిపించింది. అందుకే కెమెరా మీద బొట్టుబిళ్ళ అంటించిన.

దాన్ని వాడుడు నేర్పింది కంప్యూటర్ మిస్ శ్రావణి. ఇరవై నాలుగేండ్ల పిల్ల, టెంపరరీ పోస్టు. తల్లిదండ్రులకు మాటిమాటికి రాసేది ఒక్కసారి పెట్టుకొని దానికి ఒక చిన్న మాట ఇస్తే, ఆ చిన్న మాట కొట్టంగనే మొత్తం వస్తదని చెప్పింది. నేను రోజూ రాసేదే పెట్టిన: 'మీ అబ్బాయి క్లాసులకు సరిగా రావడం లేదు. రేపు ఉదయం పది గంటలకు వచ్చి నన్ను కలవండి.' ఏదో చిన్న మాట కూడ ఇచ్చిన. కొట్టి చూస్తే ఏం రాలే. ఇదేం టైం మిగిలిస్తదని బీరువాల పెట్టి తాళమేసిన.

గురువారం నా ఫోన్ ఖరాబై అబిడ్స్‌ల రిపేర్‌కిచ్చిన. రెండు దినాలు మెసేజ్‌లు చూడాలె కదా, ట్యాబ్‌ల పెట్టియ్యమని శ్రావణినే అడిగిన. పాస్‌వర్డ్ కూడ ఆ పిల్లనే పెట్టింది. లంచ్‌ల మూడు మెసేజ్‌లు వచ్చినయ్. ఆదివారం భోజనానికి వస్తనని మా ఆయన అక్క, ఖైరతాబాద్ వదిన. జాకెట్లు తయారైనయని టైలర్ భాయ్. రిజిస్టర్లు పంపమని పెద్ద మేడం. అప్పుడే బెల్లు కొట్టిన్రు. గబగబా ముగ్గురికీ జవాబిచ్చి క్లాసుకు ఉరికిన.

శుక్రవారం పదింటికి ప్యూన్ వచ్చి మీ కోసం మనుషులొచ్చిన్రన్నడు. పోయి చూస్తే ఆఫీసు ముంగట బెంచీ మీద టైలర్ భాయ్, పక్కన మా వదిన. వదిన కండ్లు ఎర్రగున్నయ్. భాయ్ లేచి నిలబడి, "నాకు మగపిల్లలు లేరమ్మా, ఇద్దరూ ఆడపిల్లలే, పెండ్లిళ్ళు కూడ అయినయ్. అయినా టీచర్ పిలిస్తే రాకుంటే బాగుండదని దుకాణం బందు చేసి వచ్చిన" అన్నడు.

నాకేం సమజ్ కాలే. ఇంతల పెద్ద మేడం లోపలికి పిలిచింది. తన ఫోన్ చూపించి, బ్యాంకుల ఆఫీసరైన తన కొడుకు ఏ క్లాసుకు వస్తలేడని అడిగింది.

ముగ్గురికీ ఒకటే మెసేజ్. ఆ మాటలు నావే, కానీ పంపింది నేను కాదు. పైగా మేడంకు పోయినదాని చివర 'మేడం' అనుంది, వదినకు పోయినదాని చివర 'వదినా' అనుంది, టైలర్‌కు 'భాయ్' అనుంది. మా వరుసలు కూడ తెల్సినోళ్ళు ఎవరో జొరబడ్డరనుకున్న. పాస్‌వర్డ్ తెల్సింది ఒక్క శ్రావణికే. అక్కడనే కాయితం తీస్కొని కంప్లైంట్ రాసిన. మేడం చదివి, ఇది పైకి పోతే ఆ పిల్ల నౌకరీ ఉండదు, ఆలోచించుకొమ్మన్నది. ఆలోచించుడేం లేదన్న.

శ్రావణి వచ్చింది. కాయితం చదివి మొఖం తెల్లగైంది గాని ఏడ్వలే. నిన్న వదినగారికి ఏమని రాసిన్రు మేడం అనడిగింది. ఓకే వదినా అని రాసిన అన్న.

"మళ్ళొకసారి అట్లనే రాయండి."

రాసిన. ఓకే కొట్టి, పక్క మాటకు జాగ ఇచ్చిన్నో లేదో, మీ అబ్బాయి క్లాసులకు సరిగా రావడం లేదని పొడుగ్గా వచ్చి కూసున్నది. ఆ చిన్న మాట ఏం పెట్టిన్నో అప్పుడు యాదికొచ్చింది. ఇంగ్లీషుల నేను మర్చిపోనిది ఓకే ఒక్కటే, అందుకే అది పెట్టిన. ఆ తర్వాత జాగ ఇస్తేనే పని చేస్తదంట. నేర్చుకున్న దినం నేను జాగ ఇయ్యలే.

పెద్ద మేడం కాయితం నా దిక్కు జరిపింది. చింపేసిన. శ్రావణికి సారీ చెప్పిన. ఆ పిల్ల మాత్రం ఇంకేదైనా మాట పెట్టుకుందాం మేడం అని ట్యాబ్ తీస్కున్నది.

బయటికొచ్చి టైలర్ భాయ్‌కి చెప్పిన, నవ్వుకుంట పోయిండు. వదినకు చెప్పబోతే ఆమె నా చెయ్యి పట్టుకున్నది. ఆమె కొడుకు శ్రీధర్ నౌకరీ పరీక్షలకని రోజూ అబిడ్స్‌ల కోచింగ్‌కు పోతడు. రాత్రి వదిన నా మెసేజ్ చూపించి గట్టిగ అడిగితే, రెండు నెలల నుంచి క్లాసుకు పోతలేనని ఒప్పుకున్నడంట. పొద్దంత ఇరానీ హోటల్ల కూసుంటున్నడంట.

ట్యాబ్ చేసిన పని వదినా, నాకేం తెల్వదని మొత్తుకున్న. ఆమె నమ్మలే. ఎట్ల తెల్సిందో నువ్వు జెప్పకున్నా పర్వాలేదు, జర వాన్ని గట్లనే చూస్తుండమని పోయింది. సాయంత్రం శ్రీధర్ మా ఇంటికొచ్చి, "నా ఎనుక ఎవర్ని పెట్టినవు అత్తమ్మా?" అనడిగిండు. ఒట్టేసి చెప్పిన. వాడూ నమ్మలే.

నిన్న ఫోన్ తెచ్చుకుందామని అబిడ్స్ పోయిన. ఆ కోచింగ్ సెంటర్ మెట్ల మీద పది మంది పిల్లగాండ్లు ముచ్చట పెట్టుకుంట కూసున్నరు. శ్రీధర్ వాళ్ళకు నా ఫోటో చూపి ఏం చెప్పిండో ఏమో, నన్ను చూసుడుతోనే సంచులెత్తుకొని అందరూ లోపలికి ఉరికిన్రు. ఇరవై ఆరేండ్ల సర్వీసుల నా క్లాసుకు ఎవ్వరూ గంత జల్ది పోలే.