ఏడు కానుగల నీడలో ఏం నాటాలి

అనంతపురంలో మా వీధి చివర, అందరికీ చెందిన ఖాళీ స్థలంలో ఏడు కానుగ చెట్లున్నాయి. సర్వే శాఖలో పనిచేస్తూ ఈ వీధికి వచ్చిన ఏడాది వాటిని నేనే నాటాను. ఏ ఎండాకాలంలో ఏ చెట్టు చావబోయి బతికిందో నా డైరీల్లో ఉంది. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా వాటి కిందికి ఎండ దిగదు. గడ్డీ మొలవదు.

ఆ బోసి నేలే గొడవ తెచ్చింది. పోయిన ఉగాదినాడు మా వీధి పెద్ద, బస్సు కండక్టరుగా రిటైరైనవాడు, అక్కడ తాడిపత్రి బండలు పరిపిద్దామన్నాడు.

"బండలు పరిస్తే వేర్లకు వాన దిగదప్పా. చెట్లు ఎండిపోతాయి," అన్నాను.

"ఉత్త మన్ను సూసుకుంటా ఎన్నేండ్లు కూసోవాలన్నా? ఆకులు ఊడ్సలేక ఆడోళ్ళ నడుములు పోతాండాయి. వచ్చే ఉగాదికి నేలంతా పచ్చగా చేసి చూపిచ్చు. లేదంటే బండలే."

నలుగురిలో ఒప్పుకున్నాను. నర్సరీలో రంగురంగుల క్రోటన్లు చూపించారు. వాటికి రోజూ నీళ్ళు కావాలి. నా తర్వాత ఎవరు పోస్తారు? మా గుట్టల మొక్కలే వెతకాలనుకున్నాను. మా వీధి మీదుగా గొర్రెలు తోలుకుపోయే ఒకామెను, వానలు పడ్డాక గుట్టకు తీసుకుపొమ్మని అడిగాను.

ఆమె నవ్వింది. "వానల్లో అన్నీ పచ్చగానే ఉంటాయి సారూ. రోహిణి ఎండలో యాది బతికుంటాదో సూడు. దాన్ని నమ్ము."

రోహిణి కార్తెలోనే ఆమె వెంట గుట్ట ఎక్కాను. బండల సందున, చెట్ల నీడన కత్తుల్లా నిలబడిన చాగ కనిపించింది. దాని నారతో వాళ్ళు తాళ్ళు పేనుకుంటారు. అడ్డసరం, పొదల్లో పాకిన పిల్లిపీచర తీగ, చిత్రమూలం కూడా ఉన్నాయి. పేరు, నీడ ఎంత, నేల ఏ రకం, గొర్రెలు ముట్టుతాయా లేదా అని డైరీలో గడులు గీసి రాసుకున్నాను. తొలి వాన పడ్డాక ఆమె తన చేని గట్టు నుంచి వాటి పిలకలు తెచ్చి ఇస్తే, కానుగల కింద నాటాను.

తప్పు ఆ తర్వాత జరిగింది. చిన్నప్పుడు రెండు మైళ్ళు నడిచి బిందెడు నీళ్ళు మోసుకొచ్చినవాళ్ళం. ఇప్పుడు కుళాయి తిప్పితే చాలు. మొక్క కనబడితే పోయకుండా చేయి ఊరుకోదు. పొద్దున నేను పోసేవాణ్ణి. సాయంత్రం నా భార్య బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చేది. ఎండిపోతాయేమో పాపమని వీధి ఆడవాళ్ళు తలా ఒక చెంబు వంచేవాళ్ళు.

వినాయక చవితికి మొక్కలన్నీ పసుపుబారాయి.

"నీడ ఎక్కువైందన్నా. రెండు కానుగలు కొట్టేస్తే సరి," అన్నాడు వీధి పెద్ద.

నాకూ అదే నిజమనిపించింది. ఏ రెండు కొట్టాలో చూడడానికి టేపు కూడా తీశాను. అప్పుడే గొర్రెలామె వచ్చి, ఒక చాగను పెరికి మొదలు వాసన చూసింది.

"ఏం పోసినావు సారూ దీనికి?"

"నీళ్ళేనమ్మా. దినామూ తప్పకుండా."

"తప్పకుండానా! గుట్టమింద దీనికి దినామూ ఎవుడు పోసినాడు? ఈడ నీడలో తడి ఆరదు. దప్పికతో సచ్చే మొక్కల్ని సూసినా గానీ, నీళ్ళతో సంపేటోణ్ణి నిన్నే సూసినా."

డైరీ తిప్పాను. ప్రతి పేజీలో "నీళ్ళు పోశాను" అని నా దస్తూరీయే. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఇంతకంటే సాక్ష్యం ఎందుకు? టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను.

ఆమె మళ్ళీ పిలకలు తెచ్చింది. ఈసారి రాలిన కానుగ ఆకుల్ని ఊడ్చనివ్వకుండా మొక్కల చుట్టూ పరిచాను. ఊడ్చే పనీ తప్పింది. వాన లేనప్పుడు పదిహేను రోజులకొకసారి మాత్రం తడిపాను. అన్నిటికన్నా కష్టం చెంబుల్ని ఆపడం. సాయంత్రాలు అక్కడే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను.

"మొక్కలకు నీళ్ళు పోయద్దని కాపలా కాసే మొగోడు జిల్లా మొత్తానికీ నువ్వొక్కడివే," అని నా భార్య నలుగురిలో అన్నది.

ఈ ఉగాదినాడు పచ్చడి తిని, వీధంతా కానుగల కిందికి వచ్చింది. చాగ మోకాలెత్తు నిలబడింది. అడ్డసరం గుబురుగా ఉంది. పిల్లిపీచర రెండు చెట్లకు అల్లుకుంది. వీధి పెద్ద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, తిరిగి వచ్చి నిలబడ్డాడు.

"బండలు ఎప్పుడు తెప్పిస్తావప్పా?" అని నేనే అడిగాను.

"రెండు చాల్లేన్నా. కూసోనీకి."

వేర్లకు దూరంగా ఆ రెండూ ఎక్కడ వేయాలో నేనే టేపు పట్టి కొలిచి ఇచ్చాను. ఇంటికి వచ్చి ఆ రోజు పేజీలో రాసుకున్నాను: "ఏడు చెట్లూ ఉన్నాయి. నీళ్ళు పోయలేదు."