ఐదు గులకరాళ్లు, ఐర్లండు వైద్యం

చదువుకున్నామన్న ధీమా ఒంటినిండా ఉన్న ఆ రోజుల్లో, నాకు తెలియనిదంతా మూఢనమ్మకమే. డిగ్రీలో సైన్సు చదివి గవర్నర్‌పేటలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను (కార్డు మీద మాత్రం డేటా ఎగ్జిక్యూటివ్). ఎక్కడో ఐర్లండు పల్లెల్లో జనం ఎప్పుడో చేత్తో రాసిపెట్టుకున్న నాటువైద్యాలను కంప్యూటర్లోకి ఎక్కించడం మా పని. కోరింత దగ్గు వస్తే పిల్లల్ని గాడిద పొట్ట కిందనుంచి మూడుసార్లు దాటించాలట. పడీపడీ నవ్వాను. చిన్నప్పుడు అదే దగ్గుకి నాకు గాడిదపాలు పట్టారన్న సంగతి ఆ క్షణంలో గుర్తురాలేదు.

సరిగ్గా అప్పుడే నా కుడిచేతి మీద ఐదు పులిపిర్లు లేచాయి. ఆదివారం పెళ్లిచూపులు, కాఫీ అందించాల్సింది ఆ చేత్తోనే. గుర్రపు వెంట్రుక కడతానన్న అమ్మమ్మని, సైన్సు చదివినదానితో అలాంటి మాటలేమిటని కసిరాను. మర్నాడు ఆఫీసులో మరో వైద్యం టైపు చేశాను. పులిపిరికొక గులకరాయి చొప్పున రుద్ది, మూటగట్టి కూడలిలో వదిలేస్తే, దాన్ని తీసినవాళ్లకి అవి అంటుకుని మనల్ని వదిలేస్తాయట. అమ్మమ్మ తెలుగులో చెబితే మూఢనమ్మకం, ఇంగ్లీషులో ఉంటే సమాచారం.

శుక్రవారం పొద్దున్నే ఐదు రాళ్లు రుద్ది, ఎవరో ఒకరు ఆశపడాలని స్వీట్ల డబ్బాలో పెట్టి, రిబ్బను కూడా కట్టి, పటమటలో మా వీధి చివర మూడు దారులు కలిసేచోట వదిలి వచ్చాను. చెప్పులు విప్పానో లేదో, పక్కింటి లెక్కల మాస్టారు ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చారు, డబ్బా రెండు చేతులా పట్టుకుని.

"మర్చిపోయి వచ్చేశావమ్మా. కుక్కలు లాక్కుపోతాయని తెచ్చాను."

దిష్టి గుమ్మడికాయలు కట్టినందుకు వీధి మొత్తానికీ క్లాసు పీకిన మనిషి ఆయన. దాచలేక అంతా చెప్పేశాను. ఇలాంటివి నమ్మకూడదని నెమ్మదిగా మందలించి, డబ్బా కింద పెట్టి, మా కుళాయి దగ్గర సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నారు.

"ఇంతకీ ఎన్ని రాళ్లమ్మా?"

"ఐదండీ."

మరో రెండుసార్లు కడుక్కున్నారు.

ఆదివారం వచ్చినవాళ్లు నా చెయ్యి వైపు చూడనే లేదు. కాఫీ తాగి వెళ్లి, జాతకాలు కుదరలేదని కబురు పెట్టారు. ఐర్లండులో గుర్రాలు లేవా అని అమ్మమ్మ ఒక్కమాట అడిగి, వెంట్రుక కట్టేసింది. కొన్ని నెలలకి పులిపిర్లు రాలిపోయాయి. వాటంతటవే పోతాయని చెయ్యి చూసిన డాక్టరు ముందే చెప్పారు గానీ, మా ఇంట్లో ఆయన మాట ఎవరు విన్నారు కనుక.

మాస్టారు మాత్రం ఆ తర్వాత నేను ఎదురైతే చేతులు జేబుల్లో పెట్టుకునేవారు. కొన్నాళ్లకి ఇబ్రహీంపట్నంలో కూతురి దగ్గరికి మారిపోతూ, సామాను ఆటో ఎక్కించాక నా దగ్గరికొచ్చి రెండు చేతులూ చాపారు.

"చూడమ్మా. ఏమీ రాలేదు."

అప్పటి నన్ను, ఆ గడుసు పిల్లని, తలుచుకుంటే ఇప్పుడు సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి. ఎంతైనా సైన్సు చదివినదాన్ని కదా, ఆయన వేళ్లు ఒక్కొక్కటీ నేనే తిప్పి మరీ చూసి, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.