మిషను కంట్లో బొట్టు

ఆ రోజుల్లో ఇంజనీరింగ్ చదివిన ఆడపిల్ల ఏ కాలేజీలోనో పాఠాలు చెబుతుందని చుట్టాలంతా అనుకునేవారు. నేను ఆటోమేషన్ కంపెనీలో చేరానంటే "అంటే ఏం చేస్తారమ్మా?" అని అడిగేవారు. మిషన్లు వాటంతటవే పనిచేసేలా చేస్తామంటే, "మరి నువ్వెందుకు?" అనేవారు.

సికింద్రాబాద్‌లో మూడు గదుల కంపెనీ మాది. మా సారు విదేశాల నుంచి తెప్పించిన, మిషన్లను నడిపించే కంట్రోలర్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, "రెప్ప కొట్టేలోగా ప్రోగ్రామంతా ఎన్నిసార్లు చదువుతదో ఎరికేనా?" అని మురిసిపోయేవారు (నన్ను చూసి ఎన్నడూ అలా మురిసిపోలేదు). మౌలాలిలో షర్బత్ సీసాలు నింపే మిషనుకు దాన్ని బిగించి, ప్రోగ్రాం రాసే పని మొదటిసారి నా ఒక్కదానికే అప్పగించారు. "ఓపెనింగ్ నాడు గిన ఆగిందనుకో, తెల్లారినుంచి ఆఫీసుల కూసొని కొటేషన్లు టైపు చేసుకో" అన్నారు నవ్వుతూ. సారు నవ్వుతూ అన్నవన్నీ జరిగేవి. పైగా నాకు టైపింగ్ చాలా బాగా వచ్చు. అదే నా భయం.

ఓపెనింగ్ రోజు పొద్దున చిలకలగూడలో మా అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. (కంట్రోలర్ సంగతి ప్రభువుకు ఎలా చెప్పాలో తెలియక "దీని చేతి పని" అని సరిపెట్టింది.) గుమ్మం దాటుతుంటే, "వాళ్ళ పూజ దగ్గర మర్యాదగా దూరంగా నిలబడు. ఏదీ ముట్టుకోకు" అంది.

నేను ముట్టుకోలేదు. షర్బత్ ఫ్యాక్టరీ యజమాని గారి తల్లి, అందరూ పెద్దమ్మ అనే ఆవిడ, మిషను చుట్టూ తిరిగి దొరికినచోటల్లా కుంకుమ పెడుతుంటే, ప్యానెల్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. కొబ్బరికాయ కొట్టారు. యజమాని గారు పచ్చ బటన్ నొక్కారు. మిషను కదలలేదు. ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలిగింది. బెల్టు మీద సీసా ఇరుక్కుందని దానర్థం. అసలు మేమింకా సీసాలే పెట్టలేదు.

ముందు రోజు సాయంత్రం దాకా చక్కగా తిరిగిన మిషను. కంప్యూటర్ తగిలించి ప్రోగ్రాం మొదటినుంచీ చదవసాగాను. అక్షరాలు కనబడుతున్నాయి గాని బుర్రకెక్కడం లేదు. వెనకాల యజమాని గారి చుట్టపక్కాలంతా నిలబడ్డారు. "ముహూర్తం దాటుతున్నది" అన్నారెవరో. సారు నా చెవి దగ్గర వంగి "ఏమైంది?" అన్నారు. "చూస్తున్నా సర్" అన్నాను. "చూస్తున్నవా, ఏడుస్తున్నవా?" అన్నారాయన. రెండూ చేస్తున్నాను.

లేచి బెల్టు వెంట నడుస్తూ వెతికితే అప్పుడు కనబడింది. సీసా వచ్చిందో లేదో కనిపెట్టే సెన్సర్ బొటనవేలంత ఉంటుంది, దానికి ముందువైపు ఎర్రగా మెరిసే ఓ చిన్న గుండ్రటి అద్దం. ఆ అద్దం నిండా బొట్టు. కంటికేదో అడ్డం ఉంది గనక అది సీసాయేనని మా ఘనత వహించిన కంట్రోలర్ భీష్మించుకు కూర్చుంది.

తప్పు నాది కాదన్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆ బొట్టు తుడవాలి. శుభమా అని మొదలుపెట్టిన రోజున, ఇంటిపెద్ద పెట్టిన బొట్టును, నుదుట బొట్టే పెట్టుకోని నేను, అందరి ఎదుటా తుడవడమా? లోపలేదో బిగిస్తున్నట్టు వంగి, చూపుడువేలితో మెల్లగా గీకాను. నూనెలో తడిపిన కుంకుమ అద్దమంతా అలుముకుంది. ఎర్రబడ్డ వేలు వెనక్కి దాచుకుని లేచేసరికి ఎదురుగా పెద్దమ్మ.

"ఏంది బిడ్డా, చెయ్యి గట్ల దాస్తున్నవ్? తెగిందా?"

తెగిందంటే పోయేది. కాని ఆవిడ నా చెయ్యి లాగి, వేలిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది. నాకు ఏడుపొచ్చేసింది. "అది మిషనుకు కన్ను, పెద్దమ్మా. బొట్టు అడ్డమొచ్చి దానికేం కనబడటం లేదు. తుడిస్తే మీరేమనుకుంటారోనని..."

సారు మొహం చూసే ధైర్యం నాకు లేదు.

"కన్నా అది?" అంది పెద్దమ్మ. "ఎర్రగ మెరుస్తుంటే నుదురనుకున్న. నాకు సుత శుక్లాలొచ్చి మసక మసకనే కనబడ్తది. కంట్ల కుంకుమ వడితే నేనైతే వాడంత ఇనబడేటట్టు ఒర్లుదును. పాపం, ఇది నోరులేనిది."

కొంగు ఉండచుట్టి, నోటితో వెచ్చగా ఊది, పసిపిల్లల కంటికి అద్దినట్టు అద్ది, అద్దం శుభ్రంగా తుడిచింది. ప్యానెల్ మీద ఎర్ర లైటు ఆరిపోయింది.

"మరి దీని నుదురెక్కడ?"

సెన్సర్ పైభాగం చూపించాను. "నీ ఏలుకున్నది గదా, నువ్వే పెట్టు" అంది. పెట్టాను. యజమాని గారు మళ్ళీ పచ్చ బటన్ నొక్కారు. మిషను కదిలింది.

ఇంటికొచ్చేముందు కుళాయి దగ్గర ఎంత కడుక్కున్నా వేలి ఎరుపు పోలేదు. అమ్మ అన్నం పెడుతూ ఆ వేలిని చూసింది. "మిషను తిరిగిందా?" అంది. తిరిగిందన్నాను. "సబ్బు అక్కడుంది" అని కూర వడ్డించింది.

నేను కొటేషన్లు టైపు చెయ్యలేదు. తరవాత ఎన్నో పెద్ద మిషన్లకు ప్రోగ్రాములు రాశాను. ప్రతి ఓపెనింగ్‌కూ పూజకు ముందే వెళ్ళి, కళ్ళెక్కడో, నుదురెక్కడో ఆ ఇంటి పెద్దావిడకు చూపించేదాన్ని. మొన్న కళ్ళ డాక్టరు నాకూ శుక్లాలు మొదలయ్యాయంది. ఇప్పుడు నన్ను చూపించమంటే నేనూ ఆ ఎర్రగా మెరిసేదాన్నే నుదురనుకుంటానేమో. పక్కన ఎవరైనా ఓ పిల్ల, చెయ్యి వెనక్కి దాచుకోకుండా, అది కన్నని నాకు చెబితే బాగుండును.