వంటావార్పు నుంచి వచ్చిన మెత్తన్నం

మొన్న పళ్ళ డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీయించుకున్నాను. ఆ చిన్న డాక్టరమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "ఇక్కడ జ్ఞానదంతం లేదండీ, ఎప్పుడు తీయించారు?" అని అడిగింది. ఎంత తడుముకున్నా ఏ సంవత్సరమో గుర్తుకు రాలేదు. "తెలంగాణ రాకముందు," అన్నాను. ఆమె నవ్వింది. నేనేమీ హాస్యానికి అనలేదు. తార్నాకలో మా వయసు వాళ్ళు ఇప్పటికీ రోజులను అలాగే కొలుస్తారు, రాకముందు, వచ్చిన తర్వాత అని. బయటికొచ్చి మెట్రో నీడలో ఆటో కోసం నిలబడ్డానన్న మాటే గానీ, నా నాలుక ఆ ఖాళీ చోటు చుట్టూనే తిరుగుతూ ఉంది.

అప్పుడు నేను యూనివర్సిటీలో పరిశోధన పేరుతో చేతులు విరిగిన కుర్చీలో కూర్చుని టీలు తాగుతుండేదాన్ని. మాది తెనాలి వైపు. లేడీస్ హాస్టల్లో నా రూమ్మేట్‌ది జనగామ దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఒకే దువ్వెన, ఒకే బకెట్టు, వార్డెన్ మేడమ్‌కు కనపడకుండా మంచం కింద ఒకే కరెంటు పొయ్యి. ఉద్యమం క్యాంపస్‌లోకి వచ్చాక అవన్నీ అలాగే ఉన్నాయి గానీ మా మధ్య మాటలు మారాయి. ఆమెకు కోపం వస్తే గది దద్దరిల్లాలి. నాకు వస్తే పెదవి కుట్టేసినట్టు ఉండిపోతాను, మా ఇంట్లో అందరం అంతే. ఆమె పేపరు చదివి ఏదో అనేది, నేను కిటికీలోకి చూసేదాన్ని. ఒకరోజు విసుగెత్తి, "లొల్లి పెట్టుకుందామంటే గూడ నోరు తెరవవేందే? గోడతోని ఎన్ని దినాలుండాలె? ఆదివారం మూల మీది రూముకు పోతున్న. ఆడ మా దిక్కు పిల్లలున్నరు," అంది. "నీ ఇష్టం," అన్నాను. ఆమె వెళ్ళిపోతే నాకు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. ఆ సంగతి చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ వారమే పన్ను ముహూర్తం పెట్టుకుంది. తార్నాక చౌరస్తా దగ్గర పళ్ళ డాక్టరు, ఒక పెద్దాయన, మాత్రలిచ్చి వాపు తగ్గించి, ఫలానా రోజు రా, తీసేస్తానన్నాడు. తీరా ఆ రోజు బంద్. ఆటో లేదు, బస్సు లేదు. మా రూమ్మేట్ ర్యాలీకని జడ బిగించుకుంటూ నా వంక చూసింది. నేను చెంప పట్టుకుని మంచం అంచున కూర్చుని ఉన్నాను. "ఉద్యమం రేపు గూడ ఉంటది. నీ బుగ్గ ఉండేటట్టు లేదు. నడువు," అని చెప్పులేసుకుంది. ఇద్దరం చెట్ల కింద నుంచి నడిచిపోయాం. డాక్టరు సగం దించిన షట్టరు కింద నుంచి వంగి లోపలికి రమ్మన్నాడు. ఆ తర్వాతి సంగతి మీకెందుకు గానీ, పన్ను తేలిగ్గా రాలేదు. కుట్లు వేసి, దూది కుక్కి, "మాట్లాడకమ్మా, ఉమ్మకు, వేడివి తినకు," అని చెప్పి, ఒక్కదాన్ని పంపనన్నట్టు మా రూమ్మేట్ చేతికే మందుల చీటీ ఇచ్చాడు.

తిరిగి వచ్చిన దారి నాకు కలలో నడిచినట్టే గుర్తుంది. సగం ముఖం నాది కాదు. దిగువ పెదవి ఎక్కడో వదిలేసి వచ్చినట్టుంది. రోడ్డంతా ఖాళీ, ఎండ పసుప్పచ్చగా ఉంది, ఎక్కడో దూరంగా డప్పు మోగుతూ ఉంది. చేతిరుమాలు నెత్తురు, చెంప ఉబ్బు, కళ్ళలో నీళ్ళు. క్యాంపస్ గేటు దగ్గర పోలీసులకు ఎదురుగా కూర్చున్న పిల్లలు నన్ను చూడగానే లేచి నిలబడ్డారు. "అక్కా, ఎవలు కొట్టిండ్రు?" అని ఒకడు అరిచాడు. నేను చెయ్యి ఊపాను, వద్దు వద్దని. దాన్ని పిడికిలి ఎత్తినట్టుగా చూశారో ఏమో, అందరూ కలిసి జై తెలంగాణ అన్నారు. పోలీసాయన తన లాఠీని అనుమానంగా చూసుకున్నాడు. మా రూమ్మేట్ కడుపు పట్టుకుని నవ్వుతూ, "ఎవలు కొట్టలేదురా, పన్ను పీకిచ్చుకున్నది," అని సర్ది చెప్పి నన్ను ముందుకు తోసింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వు విన్నాను.

తర్వాతి రోజులు ఒకదానిలోకి ఒకటి కరిగిపోయాయి. మాత్ర వేసుకోవడం, నిద్రపోవడం, మెలకువ వస్తే ఏ పూటో తెలియకపోవడం. కిటికీకి తడి తువ్వాలు కట్టి ఉండేది, బాష్పవాయువు పొగ లోపలికి రాకుండా. దాని మీద పడిన వెలుతురు నీళ్ళలా కదిలేది. ఆమె నా కాళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడుతుండేది. నోట్లో కుట్లు ఉన్న మనిషి వాదించదు, కిటికీలోకి చూడదు, పడుకుని వింటుంది. ఎండిన బోరు గురించి చెప్పింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక వాళ్ళ నాయన పొలంలోనే మంచం వేసుకోవడం గురించి చెప్పింది. హాస్టల్లో చేరిన కొత్తలో ఆమె మాట తీరుకు ఎవరో నవ్వితే కొన్నాళ్ళు ఎవరితోనూ నోరు విప్పలేదట. అది విని నాకు ఏడుపొచ్చింది. నొప్పనుకుని ఆమె మాత్ర తెచ్చింది.

ఒక మధ్యాహ్నం మెస్ మూసేశారు. ఆ రోజు క్యాంపస్ రోడ్డు మీద వంటావార్పు. అంటే నిరసనగా నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే అందరూ కలిసి తినడం. మా రూమ్మేట్ స్టీలు గిన్నె తీసుకుని వెళ్ళింది. వారాసిగూడ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ అక్కడ పెద్ద గిన్నెలో గరిటె తిప్పుతూ ఉందట.

"పెద్దమ్మా, మా రూముల ఉన్న పిల్లకు పన్ను పీకిండ్రు. జర మెత్తగ పిసికియ్యి," అందట ఈమె.

"ఏ ఊరు బిడ్డా ఆమెది?"

"ఆంధ్ర."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలెత్తి చూశారట. పెద్దమ్మ గరిటె ఆపకుండానే, "అట్లయితే కారం వెయ్యకముందే తీస్త. పుండు మండుతది," అందట. పక్కనున్న ఆమె, "ఆంధ్రోళ్ళకు కారం లేకుంటె ముద్ద దిగదంటరు గద," అనేసరికి అందరూ నవ్వారట. అది చెబుతూ మా రూమ్మేట్ గిన్నె నా ముందు పెట్టింది. పప్పూ అన్నం కలిపి పసిపిల్లకు పిసికినట్టు పిసికి ఉంది, కట్టెల పొగ వాసన వేసింది. అంత రుచిగల అన్నం మళ్ళీ నేను తినలేదు.

ఆదివారం వచ్చింది. ఆమె పెట్టె సర్దుకుంటోంది. వాపు దిగింది, నోరు కొంచెం తెరుచుకుంటోంది. ఇక నా వల్ల కాలేదు. "వెళ్ళకు," అన్నాను. మాట ముద్దముద్దగా వచ్చింది. ఆమె మడతపెడుతున్న చున్నీని ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"గీ ఒక్క మాట కోసం నీ నోట్లకెళ్ళి పన్ను తియ్యాల్సొచ్చిందా?" అంది. తర్వాత మెల్లగా, "వాళ్ళకు మాటిచ్చిన. పోవాలె. రేపు పొద్దుగాల్నే వచ్చి జావ కాసిచ్చి పోత," అంది.

వెళ్ళిపోయింది. నేను ఏడ్చాను. తెల్లారగానే తలుపు తోసుకుని వచ్చి, నా గడ్డం పట్టుకుని నోరు తెరిపించి చూసి, జావ పెట్టింది. కుట్లు విప్పాక కూడా వస్తూనే ఉంది. జావ పోయి టీ వచ్చింది, టీతో పాటు పాత లొల్లి కూడా వచ్చింది. ఈసారి నేనూ అరిచాను. రాష్ట్రం ఏ రోజు వేరయిందో ఇద్దరికీ తెలుసు గానీ, మేమిద్దరం మళ్ళీ ఒకటైంది ఏ రోజో ఇద్దరికీ తెలియదు. కాలం పెద్ద సంగతులకు తేదీ వేసి పెడుతుంది, మనం బతకడానికి కావలసినవాటిని మాత్రం చెప్పాపెట్టకుండా చేసి వెళ్ళిపోతుంది.