చమ్కీ పత్రిక

పోయిన వారం మా మనవరాలి బడి నుంచి ఫోన్‌లో ఒక కబురు వచ్చింది. వార్షికోత్సవానికి పిల్లలంతా ఎనభైల నాటి వేషం వేసుకుని రావాలట. రాజుల వేషాలు, ఋషుల వేషాలు అయిపోయి, ఇప్పుడు మా యవ్వనం కూడా వేషాల పెట్టెలోకి చేరిందన్నమాట. మా కోడలు ఎక్కడి నుంచో మెరిసే చొక్కా ఒకటి తెచ్చి, డిస్కో బట్టలంటే ఇట్లాగే ఉండేవా అత్తయ్యా అని అడిగింది. చేతిలోకి తీసుకుని చూశాను. మెరుపంతా గుడ్డ మీద అచ్చు వేసిందే తప్ప కుట్టింది కాదు. వేలితో రాస్తే ఏదీ గీరుకోలేదు. ఇట్లా ఉండేవి కాదమ్మా అన్నాను. ఎట్లా ఉండేవో చెప్పబోయి ఆగిపోయాను. అది చెప్పాలంటే మా మేనత్త గురించి చెప్పాలి. మేనత్త గురించి చెప్పాలంటే బొంబాయిలో మా పేట కామాటిపురా గురించి చెప్పాలి. అంతలో కోడలికి కుక్కర్ కూత పెడుతుంది. అందుకే తీరిగ్గా ఇక్కడ చెబుతున్నాను.

మా తాతలు పాలమూరు దిక్కు నుంచి బొంబాయికి ఇళ్లు కట్టడానికి వచ్చినవాళ్లు. ఊరంతా మేడలు లేపి, తాము మాత్రం వరస గదుల చాల్ ఒకదాంట్లో ఒక్క గదిలో సర్దుకున్నారు. గదిని మేం ఖోలీ అనేవాళ్లం. అందులోనే వంట, అందులోనే పడక, అందులోనే దేవుడు. ముందు పొడుగాటి వరండా, దాని చివర అందరికీ కలిపి ఒక నల్లా. మా గల్లీ పేరు చెబితే బయటివాళ్ల ముఖాలు మారేవి. రెండు గల్లీల అవతల జరిగే ఒళ్ల వ్యాపారం తప్ప మా పేట గురించి వాళ్లకు ఇంకేమీ తెలియదు. నాయన ఎవరడిగినా నాగ్‌పాడా దగ్గర అని చెప్పేవాడు. అది అబద్ధం కాదు, నాగ్‌పాడా దగ్గరే మరి. ఆ ఖోలీలో నాయనమ్మ, నాయన, అమ్మ, నేను, మా మేనత్త ఉండేవాళ్లం.

మేనత్త నాయనకు చిన్న చెల్లెలు. నాకంటే ఆరేడేళ్లే పెద్దది. వర్లిలో ఉండే మనవాళ్లకే ఇచ్చి పెళ్లి చేశారు. పెళ్లయిన కొన్నాళ్లకే సమ్మెతో మామయ్య పనిచేసే బట్టల మిల్లు ఆగిపోయింది. మామయ్య సూరత్‌లో మగ్గాల పని చూసుకుంటానని వెళ్లాడు. వెళ్లినవాడు మళ్లీ కబురు చెయ్యలేదు. అత్తగారు కొన్ని రోజులు పుట్టింట్లో ఉండి రమ్మని మేనత్తను మా ఇంటికి పంపింది. ఆ కొన్ని రోజులు ఎన్నటికీ అయిపోలేదు. పిలుపు వస్తుందని నాయనమ్మ ఎదురు చూసేది. అమ్మ ఒక కొత్త చీర మడత విప్పకుండా పక్కన పెట్టింది, ఎప్పుడు పిలిచినా కట్టుకుని పోవడానికి. మేనత్త మాత్రం ఏమీ అనేది కాదు. ఉలుకూ పలుకూ లేకుండా ఇంటి పని చేసేది. నల్లా దగ్గర ఆడవాళ్లు ఆమెను చూసి గొంతు తగ్గించేవాళ్లు. ఆ తగ్గించడం తిట్టడం కంటే ఎక్కువగా వినబడేది.

చివరికి నాయనమ్మే ఆమెను నాగ్‌పాడాలో ఒక కారఖానాకు పంపింది. అక్కడ సినిమాల్లో వెనక వరుసలో ఆడే అమ్మాయిలకు బట్టలు కుట్టేవాళ్లు. మేనత్త పని చమ్కీలు కుట్టడం. అప్పుడు ఎక్కడ చూసినా డిస్కోనే. కాబట్టి చమ్కీకి కొదవ లేదు. సాయంత్రం ఆమె ఇంటికి వస్తే చమ్కీలు కూడా వెంట వచ్చేవి. జడలో, మోచేతి మీద, చెవి వెనక. బియ్యంలో రాళ్లు లేకుండా ఏరడంలో అమ్మకు పేరుండేది కానీ, మా ఇంటి అన్నంలో చమ్కీలు వచ్చేవి. నాయన ఒకటి కంచం అంచున పెట్టి, దీని పులుసు ఎట్ల చేస్తరో అనేవాడు.

నేనప్పుడు బొమ్మలూ ప్రకటనలూ నేర్పే కాలేజీలో ఆఖరి ఏడు చదువుతున్నాను. ఆ ఏడు మా సారు అందరికీ ఒకే పని ఇచ్చారు. ఒక పత్రికను మొదటి నుంచి చివరిదాకా మనమే ఆలోచించి, పేజీలు పేర్చి, ఒక్క ప్రతి తయారు చెయ్యాలి. విషయం మన ఇష్టం. ఒకరు క్రికెట్ అన్నారు, ఒకరు వంటలు, ఒకరు రంగు చేపలు. నా వంతు వచ్చేసరికి కిటికీ అవతల టీ బండివాడి రేడియోలో ఒక డిస్కో పాట దడదడలాడుతోంది. నేను డిస్కో అన్నాను. క్లాసంతా నవ్వింది. నేను డిస్కోకి పోయి ఎరగనని వాళ్లకు తెలుసు. సారు నవ్వలేదు. ఈ పత్రిక చదివేదెవరో ఒక్క మనిషిని కళ్ల ముందు పెట్టుకో, ఆ మనిషికోసం చెయ్యి అన్నారు. అందరికోసం చేస్తే ఎవరూ కొనరని ఆయన నమ్మకం.

ఆ ఒక్క మనిషి ఎవరా అని ఇంటికి వచ్చేదాకా ఆలోచించాను. ఫాక్‌లాండ్ రోడ్డు మలుపులో క్యాసెట్ల దుకాణం ముందు మేనత్త నిలబడి ఉంది. కారఖానా నుంచి వస్తూ అక్కడ కాసేపు ఆగడం ఆమెకు అలవాటని నాకు అప్పటిదాకా తెలియదు. లోపల పాట మోగుతోంది. ఆమె ముఖం ఎప్పటిలాగే ఉంది కానీ, చెప్పులోని బొటనవేలు మాత్రం తాళం వేస్తోంది.

పత్రికకు చమ్కీ అని పేరు పెట్టాను. మనకూ, మరాఠీవాళ్లకూ, హిందీవాళ్లకూ అదొక్కటే మాట కాబట్టి ఎవరికీ తర్జుమా అక్కర్లేదు. శీర్షికలు ఇంగ్లిషులో, లోపలి రాత హిందీలో. శీర్షికలకు రుద్దితే కాగితానికి అంటుకునే అక్షరాల షీట్లు దొరికేవి. ఇంగ్లిషుకు ఈ అనే అక్షరం మీద ఎంత మమకారమో నాకు అప్పుడే తెలిసింది. అన్నిటికంటే ముందు అదే అయిపోయేది. మిగిలిపోయిన ఎఫ్‌ల కింద సన్నగా ఒక గీత గీసి ఈ చేసుకునేదాన్ని. అమ్మ వరండాలో బియ్యం చెరుగుతుంటే పక్కనే పేజీలు పరుచుకుని, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా చెంబులూ గిన్నెలూ పెట్టేదాన్ని. వంటకు గిన్నె కావాలంటే అమ్మ ఒక పేజీని ఎగరనిచ్చేది.

కొత్త పాటల మీద అభిప్రాయాలు రాసే పేజీ ఒకటుండాలి. మాకు రికార్డు ప్లేయరు లేదు. గోడ అవతలి నుంచి వినబడిందే రాయాలి. శనివారం సాయంత్రాలు మా చాల్‌లో తెలుగువాళ్ల భజన జరిగేది. చాల్ కిందనున్న దుకాణం రేడియోలో పాటా పైన భజనా కలిసి ఏది ఏదో తెలిసేది కాదు. ఒక పాటలో తాళాలు మరీ ఎక్కువయ్యాయని నేను రాసుకుంటే, అవి భజనవాళ్ల తాళాలని మేనత్త చెప్పింది. ఢోలక్ వాయించే తాతకు కూడా కింది పాట చేతికి అంటుకుని, దేవుడి కీర్తనకు డిస్కో దరువు వేసేవాడు. ఎవరూ ఆక్షేపించలేదు. ఆ దరువుకు జనం ఎక్కువ వచ్చేవాళ్లు.

ఇంకో రెండు పేజీల్లో అడుగులు ఎట్లా వెయ్యాలో చూపించాలనుకున్నాను. నాకు రాదు. మేనత్తకు వచ్చు. కారఖానాలో బట్టలు సరిపోయాయో లేదో చూసుకోవడానికి వచ్చిన అమ్మాయిలు అద్దం ముందు ఆడి చూసుకుంటుంటే, సూది పట్టుకుని కూర్చున్నచోటి నుంచే నేర్చుకుంది. పాదాలకు నల్ల రంగు పూసి, కాగితం మీద ఒక్కో అడుగూ వేసింది. నాయనమ్మ వచ్చి ఆ పాదాల గుర్తులు చూసి, లక్ష్మీదేవి ఇంట్లకొస్తుందా పోతుందా అని అడిగింది. ఎటూ పోతలేదవ్వా, ఆడుతున్నది అంది మేనత్త. నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేనత్త ఇంటికి వచ్చాక అంత పొడుగు మాట అనడం అదే మొదలనుకుంటాను.

ఇక ముఖచిత్రం. ఎవరికోసం చేశానో ఆ మనిషినే పైన పెట్టాలని నాకు అనిపించింది. అడగడానికి జంకాను. మేనత్త మాత్రం కారఖానా సేఠ్‌ను తానే అడిగి, మర్నాడు స్టూడియోకు పోవాల్సిన ఒక వెండిరంగు పొడుగు చొక్కా మధ్యాహ్నం కాసేపు తెచ్చింది. దాని మీద ప్రతి చమ్కీ ఆమె కుట్టిందే. కాలేజీలో నా స్నేహితురాలికి కెమెరా ఉండేది. ముగ్గురం చాల్ పైకప్పు మీదికి ఎక్కాం. అక్కడ నాయనమ్మ మిరపకాయలు ఎండబెట్టి, ఘాటుకు కొంగు చాటున దగ్గుతూ కాపలా కూర్చుంది. మేనత్త కిందికి సల్వార్ వేసుకుని, పైన ఆ చొక్కా తొడుక్కుని ఎండలోకి వచ్చింది. ఒక్కసారిగా గోడ నిండా, నీళ్ల ట్యాంకు మీద, మిరపకాయల మీద, నాయనమ్మ ముఖం మీద చిన్న చిన్న వెలుగులు. మేనత్త కదిలితే అవన్నీ కదిలాయి. నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని, ఓ పిల్లా, నిల్వరాదే, కండ్లు తిరుగుతున్నయ్ అంది. మేనత్త నిలవలేదు. చెయ్యి పైకెత్తి గిర్రున తిరిగి, మిరపకాయల చాప అంచు తొక్కి తూలి, పగలబడి నవ్వింది. ఆ నవ్వే ఫోటోలో పడింది.

పైకప్పు మీద జరిగింది చాల్‌కు తెలియకుండా ఉంటుందా. చాల్‌కు తెలిసింది వర్లికి తెలియకుండా ఉంటుందా. ఆ ఆదివారమే మేనత్త అత్తగారు, ఒక కులపెద్దను వెంటబెట్టుకుని వచ్చింది. అమ్మ చాయ పెట్టింది. నాయన వాళ్లను మంచం మీద కూర్చోబెట్టి తాను కింద కూర్చున్నాడు. పెద్దమనిషి నెమ్మదిగానే మాట్లాడాడు. అబ్బాయి సూరత్ నుంచి వస్తున్నాడట, పిల్లను తీసుకుపోతారట. అమ్మ కళ్లు అప్పుడే మడత విప్పని చీర దిక్కు పోయాయి. అయితే రెండు మాటలన్నాడు. కారఖానా మానాలి. ఆ ఫోటో చింపెయ్యాలి. అసలే మీ గల్లీ పేరు చెప్తే తల ఎత్తుకోలేం, దాని మీద ఈ వేషం కూడానా అని అత్తగారు కలిపింది.

నాయన నా దిక్కు చూశాడు. కోపంగా కాదు, బతిమాలినట్టు చూశాడు. నిజానికి అది చిన్న కోరికే. నేను లేచి, ఫోటో అంటించిన పత్రిక అట్ట తెచ్చాను. ఇంకో బొమ్మ వేసుకుంటాను అత్తా, ఒక రికార్డు బొమ్మ గీస్తాను అని మేనత్తతో అన్నాను. మేనత్త స్టవ్ పక్కన నిలబడి ఉంది. నా చేతిలోంచి అట్ట తీసుకుని కాసేపు చూసుకుంది. తర్వాత వాళ్లతో కాదు, నాయనతో మాట్లాడింది.

"అన్నా, ఇన్ని దినాలల్ల నేను ఎట్లున్ననో ఒక్కనాడు అడగనోళ్లు, ఫోటో కోసం వచ్చిండ్రు. ఆ ఫోటోల ఉన్నది నేనే. నన్ను చింపుమంటే ఎట్ల చింపుత?"

కులపెద్ద చాయ గ్లాసు కింద పెట్టాడు. అంతా నాయనమ్మ దిక్కు చూశారు. ఆ పిలుపు కోసం అందరికంటే ఎక్కువ ఎదురు చూసింది ఆవిడే. ఆవిడ కొంగు సర్దుకుని లేచింది. తర్వాత అమ్మతో, "కోడలా, వర్లి వదినెకు బొట్టు పెట్టి, జాకెట్ గుడ్డ చేతిల పెట్టు. ఎండ ఎక్కక ముందే పోతరు" అంది.

ఎంతో మర్యాదగా అన్న మాట. చుట్టాలు బయలుదేరేటప్పుడు ఎవరింట్లోనైనా అనే మాటే. అత్తగారికి అర్థమైంది. బొట్టు పెట్టించుకుని, గుడ్డ తీసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయారు. మేనత్త అట్టను నాకిచ్చి, కూర మాడుతుందని స్టవ్ దగ్గరికి పోయింది. ఆ రోజు ఎవరం సరిగ్గా తినలేదు. సాయంత్రం నల్లా దగ్గర ఆడవాళ్లు మళ్లీ గొంతు తగ్గించారు. మేనత్త బిందె నింపుకుని, ఏమైందక్కా, గొంతు పట్టుకున్నదా అని అడిగి వచ్చింది.

పత్రికలన్నీ కాలేజీ హాలులో గోడకు ఆనించి పెట్టారు. సారు నాది తిరగేసి, లోపలి అంచు చాలినంత వదల్లేదని, కుట్టు అక్షరాలను మింగేసిందని, మార్కులు కాస్త తగ్గించారు. ముఖచిత్రం దగ్గర మాత్రం ఆగి, ఈ అమ్మాయి ఈ పత్రిక కొంటుంది అన్నారు. మొదటి బహుమతి రంగు చేపలకు పోయింది. చూడటానికి ఇంటిల్లిపాదీ వచ్చాం, మేనత్త తప్ప. ఆమెకు కారఖానాలో తొందర పని. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, మిగతావేవీ చూడకుండా ఆ ముఖచిత్రం ముందే నిలబడ్డాడు. పక్కన ఎవరో పెద్దమనిషి, ఈమె సినిమాల్లో చేస్తుందా అని హిందీలో అడిగాడు. నాయన తల అడ్డంగా ఊపి, మా చెల్లె అన్నాడు. ఆయనకు తెలుగు రాదని గుర్తొచ్చి మళ్లీ హిందీలో చెప్పాడు. మొదటిసారి కంటే కొంచెం గట్టిగా చెప్పాడు.

డిస్కో ఎక్కువ కాలం నిలవలేదు. మేనత్త నిలిచింది. చమ్కీల గిరాకీ తగ్గితే కత్తిరింపు నేర్చుకుంది. తర్వాత బళ్లలో ఆటపాటలకు బట్టలు కుట్టింది, ఆ తర్వాత నాగ్‌పాడాలోనే సొంతంగా ఒక చిన్న కారఖానా పెట్టుకుంది. సూరత్ నుంచి ఎవరూ రాలేదు. ఆ రోజు అబ్బాయి వస్తున్నాడన్న మాటే నిజం కాదని చాలా ఏళ్లకు తెలిసింది. అప్పటికి అది మాకు పాత వార్త కూడా కాదు. అమ్మ ఆ చీరను తానే కట్టుకుని నా పెళ్లిలో తిరిగింది. మేనత్త ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడింది. కళ్లకు ఆపరేషన్ అయింది, సూదిలో దారం ఎక్కించడానికి పక్కన మనిషి ఉండాలి. ఒకసారి అడిగాను, ఆనాడు అట్లా అన్నందుకు భయం కాలేదా అని. "అయింది. తెల్లారి పనికి పోయిన, మర్చిపోయిన" అంది.

నేను మర్చిపోలేదు. పైకప్పు మీద ఆ కాసేపు వెలుగులు, మిరపకాయల ఘాటు, కొంగు చాటున నాయనమ్మ దగ్గు, అన్నీ అప్పుడెట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. కొన్ని మధ్యాహ్నాలకు వయసు రాదు. వాటిని చూసిన మనకే వస్తుంది.