నార దగ్గు

ఆ ఉదయం డబ్బాలో బెల్లం చెమర్చి ఉంది. వానాకాలంలో బెల్లానికి అది మామూలే. తీసి పొడి గుడ్డతో తుడిచి, కొత్త కాగితంలో చుడుతున్నాను. ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తే అత్త మొదట అడిగేది దాన్నే. అప్పుడు ఫోను మోగింది. ముందు రాత్రి ఆసుపత్రిలో అత్తకు తోడుగా పడుకున్న ఎదురింటావిడ. "మీ అత్త ఎల్లిపోనాదమ్మా," అంది. కాగితం మడత పూర్తి చేసి, డబ్బాకు మూత పెట్టాను.

అత్త నాకు చుట్టం కాదు. మా అమ్మ స్నేహితురాలు. నేను ఆరో తరగతిలో ఉండగా అమ్మ పోతే, నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. మీ ఇద్దరికీ స్నేహం ఎక్కడ కుదిరిందని ఎవరడిగినా, "ఇజీనగరం బస్సులో," అనేది.

మాది జూట్ మిల్లు ఊరు. మిల్లు చుట్టూ రేకుల ఇళ్ళ వీధులు. అత్త గోనె సంచులు కుట్టే చోట పనిచేసేది. సాయంత్రం వచ్చి గడప మీద కూర్చుంటే, ఆమె జుట్టులోంచి నార పోగులు ఏరేదాన్ని. నా ఒళ్ళో పుస్తకం ఉండేది. "సదువుకోయే. అవి రేపూ ఉంటాయి," అనేది.

నన్ను సిస్టర్ల బడిలో చేర్పించింది. పాత పుస్తకాలే కొనగలిగేవాళ్ళం. అట్టలు ఊడిపోయి వచ్చేవి. అత్త గోనె సంచులు కుట్టే దబ్బనం, పురికొస తీసుకుని వాటి వెన్ను కుట్టేది. క్లాసులో పిల్లలు వాటిని బస్తా పుస్తకాలనేవారు. ఒకసారి ఇంటికి వచ్చి ఏడిస్తే, "కుట్టు కనబడితే కనబడనీయే. లోపలున్నది ఒలకకూడదు," అంది. ఆ కుట్లలో ఒక్కటీ ఇప్పటిదాకా ఊడలేదు.

అత్తకు హెచ్ఐవి ఉంది. ఇది రాయడానికి ఆమె ఒప్పుకుంది, ఆ మాట తర్వాత చెబుతాను. భర్త పోయిన ఏడాది తెలిసిందట. అప్పటి నుంచి రాత్రి షిఫ్టు సైరను కూయగానే ఒక మాత్ర వేసుకునేది. సైరను బిళ్ళ అని దానికి పేరు పెట్టింది. మిల్లు వాళ్ళెవరైనా చూస్తే బీపీకి అనేది. ఆ మాత్రతో ఏళ్ళ తరబడి బాగానే ఉంది. సంచుల కట్టలు మోసింది, నీళ్ళ కుళాయి దగ్గర అందరితో సమంగా పోట్లాడింది.

మందుల కోసం ఇద్దరం కలిసి పెద్దాసుపత్రికి వెళ్ళేవాళ్ళం. మందులిచ్చే ముందు నర్సమ్మ ప్రతిసారీ అవే ప్రశ్నలు అడిగేది. దగ్గుందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా. హెచ్ఐవి ఉన్నవాళ్ళను టీబీ తేలిగ్గా పట్టుకుంటుందని, మాత్ర మానకుండా వేసుకుంటున్నా ఆ భయం పూర్తిగా పోదని, అందుకే అడుగుతున్నానని ఓపిగ్గా చెప్పేది. అత్త తలూపుతూ వినేది. అన్నిటికీ ఒకటే జవాబు. "లేదమ్మా."

కిందటి చలికాలంలో కూడా అదే చెప్పింది. అప్పటికి దగ్గు మొదలైంది. తిరుగు బస్సులో అడిగాను.

"దగ్గుతున్నావు కదత్తా. లేదన్నావేం?"

"అది దగ్గేటే? నార. దగ్గంటే ఒంట్లోంచి రావాల. ఇది మిల్లులోంచి వస్తాది."

నాకూ అది సబబుగానే తోచింది. మా వీధంతా దగ్గేది. షిఫ్టు దిగిన ప్రతివాళ్ళూ గేటు బయట ఒక బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటారు. గొంతుకు పట్టిన నారను బెల్లం కిందికి లాగేస్తుందని మా వాళ్ళ నమ్మకం. ఎదురుపడితే అన్నం తిన్నావా అన్నట్టు, నార దిగిందా అని అడుగుతారు. "మిల్లులో దగ్గనోడు మేనేజరొక్కడే. ఆడు లోపలికొస్తే గదా," అని అత్త నవ్వించేది. నవ్వి దగ్గేది.

తర్వాత మిగతావి ఒక్కొక్కటే వచ్చాయి. ఉదయం లేచేసరికి ఆమె దిండు పిట్టగోడ మీద ఎండలో ఉండేది. రేకుల కింద పడుకుంటే చెమట పట్టదా అనేది. సాయంత్రం ఒళ్ళు వెచ్చగా ఉంటే షిఫ్టు అలుపు అనేది. రవికలు వదులయ్యాయి. ఏమీ అనకుండా పక్క కుట్లు లోపలికి వేసుకుంది. కొన్నాళ్ళకు మళ్ళీ వేసుకుంది. ఆసుపత్రిలో అడిగే ప్రతి ప్రశ్నకూ మా ఇంట్లో ఒక జవాబు ఉంది. ఆ జవాబులన్నీ నమ్మదగ్గవే.

వేసవిలో, ముడి నార రాక, మిల్లు మూశారు. సైరను ఆగింది. గాలిలో దుమ్ము తగ్గింది. రోజులు గడిచేకొద్దీ వీధి దగ్గడం మానేసింది. అంత నిశ్శబ్దం నేను అక్కడ ఎప్పుడూ వినలేదు. ఎదురింటి రేడియో మా వంటింట్లోకి వినబడేది. ఆ నిశ్శబ్దంలో ఒకే ఒక్క దగ్గు మిగిలింది. అది మా ఇంట్లోంచి వచ్చేది.

ఒక పొద్దున ఎదురింటావిడ పచ్చిమిరపకాయల కోసం వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఒదినా, మిల్లు మూసీసినారు గదా. మా ఆయనకే తగ్గిపోనాది. నీ నార ఇంకా దిగలేదేటి?" అని నవ్వింది.

అత్త కూడా నవ్వబోయింది. దగ్గు వచ్చింది. అది ఆగేదాకా మేమిద్దరం చూస్తూ ఉన్నాం. ఎదురింటావిడ ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. మిరపకాయలు మరిచిపోయి వెళ్ళిపోయింది.

అత్త బుగ్గనున్న బెల్లం ముక్క తీసి, చేతిలో పెట్టుకుని చూసింది.

"నారైతే ఈపాటికి దిగిపోవాల," అంది. ముక్కను గుమ్మం బయట పారేసి, "రేపు ఎల్దుమే," అంది.

మర్నాడు నర్సమ్మ దగ్గుందా అని అడిగితే, "ఉన్నాదమ్మా," అంది. ఎప్పటి నుంచి అంటే నా వైపు చూసింది. "సలికాలం నుంచి." నర్సమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది.

తెమడలో టీబీ ఉంది. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ చెడ్డాయని, ముందే వచ్చి ఉంటే ఇది నయమయ్యే జబ్బేనని డాక్టరు చెప్పాడు. మందు మొదలైంది. కొన్నాళ్ళు తేరుకున్నట్టే కనిపించింది. జావ తాగి, రుచి తెలుస్తోందంది. వానలు పడేసరికి ఊపిరి అందడం మానేసింది. మళ్ళీ చేర్చాం.

ఒకే ఇంట్లో ఉన్నదాన్ని కాబట్టి నాకూ పరీక్షలు చేశారు. ఏమీ కనబడలేదు. రాకుండా ఉండడానికి మాత్రలు ఇచ్చారు. "ఇప్పటికి లేదు," అంది నర్సమ్మ. ఆ ఒక్క మాట బస్సులో దారంతా నాతోనే వచ్చింది.

వార్డులో మాస్కు పెట్టుకుని ఉండేది అత్త. ఆక్సిజను గొట్టం తీసిన కాసేపట్లో ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచింది.

"ఒసే, నాను పోయాక మనోలకి సెప్పెయ్యే. నాకేటున్నాదో, దగ్గు ఎందుకు ముదిరిందో. ఇంకెవులూ నాలాగ నార అనుకోకూడదు."

"ఇప్పుడే చెప్పొచ్చుగా."

"ఇప్పుడు సెప్తే నా పక్క మిసను కాడ ఎవులూ కూకోరు. పోయాక నాకు మిసనుతో పనేటి?" అని మాస్కు వెనక నవ్వింది. ఆమెకింకా మిల్లుకి వెళ్ళాలని ఉందని అప్పుడు తెలిసింది.

చెప్పినట్టే చేశాను. గట్టిగా మాట్లాడడం నాకు చేతకాదు. ముందు ఎదురింటావిడకు చెప్పాను. విని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడు సందు చివర కాచుకుని ఉంది. "మిల్లు తెరిసినప్పటి నుంచి మా ఆయనకి మళ్ళీ వస్తన్నాది. ఈపాలి నారో కాదో తెల్డం లేదు. నువ్వెల్లినప్పుడు ఆయన్నీ తీసుకెల్తావేటమ్మా?" అంది. సరే అన్నాను. మిగతా వాళ్ళు ఇంకా బెల్లమే కొంటున్నారు.

మిల్లు నడుస్తోంది. వీధి మళ్ళీ దగ్గుతోంది. కిటికీ దగ్గర పుస్తకం తెరిచి కూర్చుంటాను. చదవలేను. వింటాను. ఏ దగ్గు మిల్లులోంచి వస్తోందో, ఏది ఒంట్లోంచి వస్తోందో వింటే తెలియదు. గోడకు అత్త దబ్బనం గుచ్చి ఉంది. దాని కంట్లో ఇంకా మూరెడు పురికొస వేలాడుతోంది. రాత్రి షిఫ్టు సైరను కూస్తుంది. లేచి గూట్లోంచి మాత్రల డబ్బా తీస్తాను.

ఒకటి సరిదిద్దాలి. అమ్మ, అత్త కలుసుకున్నది విజయనగరం బస్సులో కాదు. ఆసుపత్రిలో మందులిచ్చే గది బయట, బెంచీ మీద. నేను అమ్మ ఒళ్ళో ఉన్నాను. సైరను బిళ్ళ మందే, మా ముగ్గురికీ.